డార్క్ కార్నిష్ పుంజు, న్యూ హ్యాంప్‌షైర్ పెట్టలు: ఇంటి మాంసానికి ఈ జోడీ ఎలా ఉంది?

ఇంటి అవసరానికి మాంసం కోళ్ళు పెంచుకుందామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఏ జాతి తెచ్చుకోవాలని. ఒక్క పేరు చెప్పమంటే నేను చెప్పలేను. రెండు జాతులు పెట్టుకోండి, పుంజు డార్క్ కార్నిష్, పెట్టలు న్యూ హ్యాంప్‌షైర్, వాటికి పుట్టిన మొదటి తరం పిల్లల్ని మాంసానికి పెంచుకోండి అంటాను. ఈ రివ్యూ ఆ పిల్లల గురించే. కొన్నేళ్ళుగా మా పెరట్లో ఇవే పెరుగుతున్నాయి. మా ఇంట్లో తినే కోడిమాంసమంతా వీటిదే. పొదగేసిన రోజు నుంచి వంటింటి దాకా ప్రతి పనీ నా చేతుల మీదుగానే జరుగుతుంది కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

తొందరలో ఉన్నవాళ్ళకి తీర్పు ముందే చెప్పేస్తాను. ఇంటి మాంసానికి 5కి 4 మార్కులు. రుచికి, ఆరోగ్యానికి, పెరట్లో తిరిగి మేసే తీరుకి వంక పెట్టలేను. ఆ ఒక్క మార్కూ తగ్గించింది దాణా ఎక్కువ తింటున్నందుకు, ఈకలు పీకేటప్పుడు పెట్టే ఇబ్బందికి. ఆరేడు వారాల్లో కోతకొచ్చే ఫారం బ్రాయిలర్‌ని మనసులో పెట్టుకుని దీన్ని చూస్తే మాత్రం నచ్చదు. ఆ పోలికతో వచ్చేవాళ్ళు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

ఎందుకంటే ఇవి రెండూ హెరిటేజ్ జాతులు. అమెరికాలో పాత పశుపక్ష్యాదుల జాతుల్ని కాపాడే లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ అనే సంస్థ హెరిటేజ్ కోడికి ఒక నిర్వచనం ఇచ్చింది. జాతి ఇరవయ్యో శతాబ్దం మధ్యకి ముందే అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ గుర్తింపు పొంది ఉండాలి, సహజంగా జతకట్టి సంతానం కనాలి, ఆరుబయట చాలా ఏళ్ళు బతకగలగాలి, కోతకు తగిన బరువు రావడానికి కనీసం 16 వారాలు పట్టాలి. ఆ చివరి షరతు చూసి చాలామంది నిరుత్సాహపడతారు. నాకు అదే నచ్చింది. నిదానంగా పెరిగే కోడికి ఎముక, గుండె, కాళ్ళు కండతో పాటే ఎదుగుతాయి. ఫారం బ్రాయిలర్‌లో కండ ముందుకి పరిగెత్తి కాళ్ళు, గుండె వెనకబడిపోతాయి. చివరి వారాల్లో దాణా తొట్టి దగ్గరే కూలబడే పిల్లల్ని చూశాక నా పెరట్లోకి వాటిని మళ్ళీ తేవాలనిపించలేదు.

అసలు ఈ జోడీయే ఎందుకు? దీని వెనక పెద్ద కథ ఉంది. కార్నిష్ పుట్టింది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతంలో. అక్కడి పందెం కోళ్ళకీ మన వైపు నుంచి వెళ్ళిన అసీల్‌కీ కలిపి చేసిన జాతి అది. ఇంగ్లండ్‌లో దాన్ని ఇప్పటికీ ఇండియన్ గేమ్ అంటారు. పందేలకి పనికిరాలేదు. వెడల్పాటి ఛాతీ, దూరదూరంగా నాటినట్టుండే పొట్టి కాళ్ళు, ఒంటికి అతుక్కుపోయిన గట్టి ఈకలు. అంత బరువుతో అది ఎగరలేదు, కొట్లాడలేదు. కానీ ఆ ఛాతీ మీద ఉన్నంత కండ వేరే పాత జాతి దేనికీ లేదు. అందుకే ఇంగ్లండ్‌లో డార్కింగ్ పెట్టల మీద, ససెక్స్ పెట్టల మీద ఈ పుంజుని వదిలి మాంసం కోళ్ళు తీసేవాళ్ళు.

న్యూ హ్యాంప్‌షైర్ అమెరికాది. రోడ్ ఐలండ్ రెడ్ కోళ్ళలోంచి త్వరగా ఎదిగేవి, త్వరగా ఈకలు వచ్చేవి, మంచి కండ ఉన్నవి ఏరుకుంటూ ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో తయారుచేశారు. 1935లో దానికి జాతిగా గుర్తింపు వచ్చింది. తర్వాత అమెరికాలో ఏ అండ్ పీ అనే కిరాణా దుకాణాల సంస్థ, ప్రభుత్వ వ్యవసాయ శాఖ కలిసి 'చికెన్ ఆఫ్ టుమారో' అని దేశవ్యాప్తంగా పోటీ పెట్టాయి. ఎక్కువ ఛాతీ మాంసం ఉన్న కోడిని ఎవరు తయారుచేస్తారో చూడటానికి. 1948లో డెలావేర్ రాష్ట్రంలో తుది పోటీ జరిగితే కాలిఫోర్నియాకి చెందిన చార్లెస్ వాన్‌ట్రెస్ గెలిచాడు. అతని కోడి ఎర్ర కార్నిష్‌కి, న్యూ హ్యాంప్‌షైర్‌కి పుట్టిన సంకరం. 1951లో మళ్ళీ పెడితే మళ్ళీ అతనే. ఇవాళ్టి ఫారం బ్రాయిలర్‌కి దారి వేసింది ఆ గెలుపే. అంటే నేను పెరట్లో చేస్తున్నది కొత్త ప్రయోగమేమీ కాదు, ఫారాలవాళ్ళు దాటి వెళ్ళిపోయిన మెట్టు మీద నిలబడటం. ఆ మెట్టు ఇంటికి సరిగ్గా సరిపోతుంది.

మాంసం కోడి అనగానే అందరూ పుంజు వైపే చూస్తారు. నేను ముందు తల్లిని చూడమంటాను. కార్నిష్ పెట్ట చాలా తక్కువ గుడ్లు పెడుతుంది, అదీ సీజన్‌లోనే. అచ్చం కార్నిష్‌లనే మాంసానికి పెంచుదామని కూర్చుంటే పొదగెయ్యడానికి గుడ్లే దొరకవు. దొరికిన కాసిని పొదిగి వచ్చిన పిల్లల్ని కోసుకు తింటే మరుసటి ఏడాదికి మందే ఉండదు. మంచి వరస (ఏరి పెంచుకుంటూ వచ్చిన వంశం) న్యూ హ్యాంప్‌షైర్ పెట్ట ఏడాదికి 200 దరిదాపు గుడ్లు పెడుతుంది. ఒక కార్నిష్ పుంజు, అరడజను న్యూ హ్యాంప్‌షైర్ పెట్టలు ఉంటే ఒక కుటుంబానికి కావలసినన్ని పిల్లలు తీసి, మిగతా కాలమంతా గుడ్లు తినొచ్చు. తండ్రి ఛాతీ ఇస్తాడు, తల్లి సంఖ్య ఇస్తుంది. ఇదే జోడీని తిప్పి, న్యూ హ్యాంప్‌షైర్ పుంజుని కార్నిష్ పెట్టల మీద వదిలినా మాంసానికి పనికొచ్చే పిల్లలే పుడతాయి, కానీ వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని.

ఇక కొనడం గురించి. ఇక్కడ జాగ్రత్త కావాలి. డార్క్ కార్నిష్ అని పేరు పెట్టి అమ్మేవన్నీ ఒకటి కావు. ఒక హేచరీ నుంచి తెప్పించిన పిల్లలు రంగుకి కార్నిష్‌లే, పెరిగాక చూస్తే సన్నగా, పొడుగు కాళ్ళతో, ఛాతీ ఎముక కత్తిలా పొడుచుకొచ్చి ఉన్నాయి. గుడ్ల సంఖ్య కోసం ఎంచుకుంటూ పోయిన మంద అయ్యుంటుంది. అడిగితే "కార్నిష్ అంటే ఇలాగే ఉంటాయండీ" అన్నారు. అలా ఉండవు. జాతి ప్రమాణం ప్రకారం ఎదిగిన కార్నిష్ పుంజు 4.7 కిలోల పైన, పెట్ట 3.6 కిలోలు తూగాలి. ఇంకో చివర ప్రదర్శనల కోసం పెంచేవాళ్ళ పక్షులు ఉంటాయి. వెడల్పు మరీ ఎక్కువై, కాళ్ళు మరీ పొట్టివై పెట్ట మీద నిలబడటానికే కష్టపడతాయి. ఆ పుంజుతో పిల్లలు తీయడం పెద్ద టెన్షన్. ఈ రెండింటికీ మధ్యలో ఉన్న పక్షి కావాలి. నాకు చివరికి దొరికింది చాలా ఏళ్ళుగా ఒకే మందని పెంచుతున్న ఒక పెంపకందారు దగ్గర. పుంజుని చేతికిచ్చి తూకం వేసుకోండి, తడిమి చూసుకోండి అన్నారు. అమ్మేవాళ్ళు ఆ మాట అంటే సగం నమ్మకం అక్కడే కుదురుతుంది.

తడిమి చూడటం ఎలాగో చెప్తాను. పుంజుని చంకలో పెట్టుకుని అరచేయి ఛాతీ కింద పెట్టండి. ఎముకకి రెండు వైపులా కండ గుండ్రంగా తగలాలి. వేళ్ళు లోపలికి జారితే వద్దు. ఛాతీ ఎముక పొడుగ్గా, వంకర లేకుండా ఉండాలి. పొడుగు ఉంటే కండకి చోటు ఉన్నట్టు. వీపు మీద చెయ్యి చాపితే భుజాల దగ్గర వెడల్పుగా, తోక దాకా మరీ సన్నబడకుండా రావాలి. నేల మీద వదిలి ముందు నుంచి చూడండి, రెండు కాళ్ళ మధ్య ఖాళీ బాగా కనిపించాలి. నడిచేటప్పుడు మోకీళ్ళు లోపలికి తగలకూడదు. న్యూ హ్యాంప్‌షైర్ పెట్టల్లో ఇంత ఛాతీ వెతకనక్కర్లేదు. పొట్ట మెత్తగా ఉందా, తోక కింద కటి ఎముకల మధ్య వేళ్ళు పట్టేంత ఎడం ఉందా, త్వరగా గుడ్లకొచ్చిందా అన్నవి చాలు.

జత కట్టించేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఆ పెట్టల దగ్గర ఇంతకుముందు వేరే పుంజు ఉంటే, దాన్ని తీసేశాక కనీసం మూడు వారాలు గుడ్లు పొదగెయ్యకూడదు. పెట్ట కడుపులో పాత పుంజు వీర్యం రెండు మూడు వారాల దాకా నిలవ ఉంటుంది, పిల్లలు ఎవరివో తెలియదు. రెండోది, కార్నిష్ పుంజుకి పెట్టలు తక్కువ ఉంటేనే మంచిది. చురుకైన తేలిక జాతి పుంజుకి పది పెట్టలున్నా ఇబ్బంది లేదు, ఈ బరువైనదానికి ఐదారు చాలు. తోక కింద మెత్తటి ఈకలు దట్టంగా ఉంటే పుంజుకీ పెట్టకీ కొంచెం కత్తిరించడం వల్ల కూడా పిల్ల కట్టే గుడ్లు ఎక్కువవుతాయి. మా పుంజు మొదటి ఏడాది బాగా పనిచేసింది. వయసు, బరువు పెరిగేకొద్దీ పిల్ల కట్టని గుడ్లు ఎక్కువయ్యాయి. కార్నిష్ పుంజుని ఏళ్ళ తరబడి నమ్ముకోవద్దు, పక్కన పడుచు పుంజు ఒకటి సిద్ధంగా ఉండాలి.

పొదిగించడం మామూలే. 21 రోజులు, ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్ అయితే 37.5 డిగ్రీల సెల్సియస్, చివరి మూడు రోజులు తేమ పెంచడం. కార్నిష్ పెట్టల్లో పొదుగుకి కూర్చునే గుణం ఇంకా పోలేదు, న్యూ హ్యాంప్‌షైర్లలో కూడా అప్పుడప్పుడు ఒకటి కూర్చుంటుంది. పొదిగే పెట్ట దొరికితే నేను యంత్రం ముట్టుకోను. తల్లి వెనక తిరిగిన పిల్ల మేత వెతకడం నేర్చుకునే తీరు వేరు.

పిల్లలు పుట్టిన రోజు నుంచే చురుకు. సంకర తేజం అంటారే, రెండు వేర్వేరు రక్తాలు కలిసినప్పుడు మొదటి తరంలో కనిపించే ఆ పుష్టి ఇక్కడ కళ్ళకి కనిపిస్తుంది. అచ్చం కార్నిష్ పిల్లలకి ఈకలు ఆలస్యంగా వస్తాయి, మధ్యమధ్య ఒళ్ళు బోసిగా ఉండి చలికి వణుకుతాయి. ఈ పిల్లలకి తల్లి గుణం వచ్చి ఈకలు త్వరగా కప్పుతాయి. బ్రూడర్‌లో, అంటే చిన్న పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలో, మొదటి వారం 35 డిగ్రీలు ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ వస్తాను. 20 శాతానికి తగ్గని మాంసకృత్తులున్న దాణా పెడతాను. ఇక్కడ పిసినారితనం చేస్తే తర్వాత ఎంత పెట్టినా ఆ ఛాతీ రాదు. చోటు ఇరుకైతే మాత్రం కార్నిష్ రక్తం బయటపడుతుంది, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఆరుబయట వదిలిన రోజు నుంచి ఆ గొడవ ఉండదు.

సంకరం కదా, రోగాలు రావనుకునేవాళ్ళని చూశాను. అది తప్పు ఆలోచన. సంకర తేజం వల్ల పిల్ల గట్టిగా ఉంటుందే గానీ మారెక్స్ అనే వైరస్ వ్యాధికి టీకా పని టీకాయే చెయ్యాలి. తడి లిట్టర్ (కోళ్ళ కింద పరిచే పొట్టు) మీద కాక్సీడియోసిస్ అనే పేగుల రోగం ఏ జాతినీ వదలదు. పొడి నేల, శుభ్రమైన నీళ్ళు, కొత్తగా తెచ్చిన పక్షిని వేరుగా ఉంచడం, ఇవి ఎంత మంచి జోడీకైనా తప్పవు.

ఎదుగుదల దగ్గరికి వద్దాం. మా దగ్గర 16 వారాలకి పుంజులు 2.5 కిలోల దగ్గర, పెట్టలు 2 కిలోల దగ్గర తూగుతున్నాయి. అదే వయసు అచ్చం న్యూ హ్యాంప్‌షైర్ పుంజుని పక్కన పెడితే తూకంలో తేడా మరీ ఎక్కువ అనిపించదు. కోశాక తెలుస్తుంది. న్యూ హ్యాంప్‌షైర్‌లో బరువు తొడల్లో, ఎముకలో ఉంటుంది, ఛాతీ ఎముక గట్టులా తేలుతుంది. ఈ సంకరంలో ఛాతీ నిండుగా, కాళ్ళు కురచగా, పళ్ళెంలో పెట్టినప్పుడు మాంసం కోడిలా కనిపిస్తుంది. తూకం ఒక్కటే చూసి ఈ జోడీని కొట్టిపారేయకండి, శుభ్రం చేసిన కోడిని పక్కపక్కన పెట్టి చూడండి. 2.5 కిలోల పుంజు శుభ్రం చేశాక 1.7 కిలోలకి పైనే ఉంటోంది.

దాణా విషయంలో నిజం చెప్పాలి. ఫారం బ్రాయిలర్ కిలో బరువు పెరగడానికి 2 కిలోల లోపే తింటుంది. మా కోళ్ళు 16 వారాల లెక్క తీస్తే కిలోకి దాదాపు 4 కిలోలు తిన్నాయి, అదీ పెరట్లో గడ్డి, పురుగు మేస్తూ. 16 వారాల తర్వాత ఉంచితే ఈ లెక్క ఇంకా పాడవుతుంది. అందుకే పుంజుల్ని 16 నుంచి 18 వారాల మధ్య తీసేస్తాను. పెట్టల్ని ఇంకాస్త ఉంచినా నష్టం లేదు, వాటికి పట్టే కొవ్వు వంటకి మంచిది. దాణా మిగిల్చుకోవడమే లక్ష్యమైతే ఏ పాత జాతీ, ఏ పాత జాతుల సంకరమూ బ్రాయిలర్‌ని గెలవదు. నేను దీన్ని ఎంచుకున్నది వేరే లెక్కతో. నా మందని నేనే తిరిగి పుట్టించుకోగలను. బ్రాయిలర్ పిల్లల కోసం ప్రతిసారీ కంపెనీ మీద ఆధారపడాలి. ఎందుకంటే అది నాలుగు వరసలు కలిపిన సంకరం, తండ్రి వైపు కార్నిష్ నుంచి, తల్లి వైపు వైట్ ప్లిమత్ రాక్ నుంచి తయారుచేసిన వరసలు, ఆ తాతముత్తాతల పక్షులు కంపెనీల దగ్గరే ఉంటాయి. పైగా వాటి తల్లిదండ్రుల్ని కడుపునిండా తిననివ్వకుండా పెంచాలి, లేకపోతే గుడ్లకొచ్చే లోపే బరువుతో చితికిపోతాయి. నా కార్నిష్ పుంజు కడుపునిండా తిని, ఎండలో మట్టిలో పొర్లి, పెట్టల వెనక తిరుగుతుంది. ఈ తేడా నాకు చాలా ముఖ్యం.

ఈకలు పీకడం ఈ కోడికున్న అసలు లోపం. తండ్రి ముదురు రంగు, తల్లి ఎరుపు. కోసే వేళకి కొత్తగా మొలుస్తున్న సూది ఈకలు చర్మంలో నల్లగా, గోధుమరంగులో కనిపిస్తాయి. పీకినా రంగు మరక మిగులుతుంది. తినడానికి ఏమీ కాదు, చూడటానికే బాగుండదు. పైగా కార్నిష్ ఈక గట్టిది. 63-65 డిగ్రీల నీళ్ళలో ఒక నిమిషం ముంచి, రెక్క మీద పెద్ద ఈక లాగి చూసి సులువుగా వస్తేనే పీకడం మొదలుపెడతాను. కొత్త ఈకలు మార్చుకునే సమయంలో కోస్తే నరకమే, రెండు వారాలు ఆగితే పని సగమవుతుంది. ముందు రోజు రాత్రి నుంచి దాణా ఆపి నీళ్ళు మాత్రం ఇవ్వడం, పట్టుకునేటప్పుడు వెంటపడి తరమకుండా చీకట్లో నెమ్మదిగా ఎత్తుకోవడం నేను ఎప్పుడూ తప్పను. మనం పెంచిన ప్రాణిని చివరి గంటలో భయపెట్టకూడదు.

రుచి గురించి ఎంత రాసినా తక్కువే, కానీ వండే పద్ధతి మార్చుకోకపోతే ఆ రుచి దొరకదు. కోసిన వెంటనే పొయ్యి మీద పెట్టకండి. కండ బిగుసుకుని రబ్బరులా ఉంటుంది. శుభ్రం చేసి, ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు ఉంచాక కాళ్ళు కదిపి చూడండి, కీళ్ళు వదులైతే వండండి. 16 వారాల కోడిని పెద్ద మంట మీద హడావుడిగా వండితే ఛాతీ పొడిబారుతుంది, మూత పెట్టి సన్న సెగ మీద వదిలేస్తే తొడ మాంసం ఎముక నుంచి దానంతటదే వీడుతుంది. ఈ కోడి ఎంతో తిరిగింది కాబట్టి తొడలు ఎర్రగా, రుచి దట్టంగా ఉంటాయి. పాత వంట పుస్తకాల్లో కోడిని వయసుని బట్టి విడదీసేవాళ్ళు, లేతది మంట మీద కాల్చడానికి, ఇంకాస్త పెరిగింది వేపడానికి, ఏడాది దాటింది గంటల తరబడి ఉడికించడానికి. ఫారం కోడి వచ్చాక ఆ తేడా అంతా మరిచిపోయాం. మా అత్తగారు మొదటిసారి తిన్నప్పుడు "అమ్మాయ్, ఈ ఎముకలు పారెయ్యకు, నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టు" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కోడి రెండు పూటల వంట. ఎముకల రసం చల్లారితే గడ్డకట్టి గిన్నెలో కదులుతుంది.

వేరే జోడీల సంగతి కూడా చెప్పాలి. న్యూ హ్యాంప్‌షైర్ బదులు, ఈకల మీద చారలుండే బార్డ్ ప్లిమత్ రాక్ పెట్టల మీద అదే కార్నిష్ పుంజుని వదిలితే ఒక లాభం ఉంది. పుట్టిన రోజే పుంజుపిల్లల్ని గుర్తుపట్టొచ్చు. చారల గుణం పక్షుల్లో మగ-ఆడ నిర్ణయించే జడ్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. పెట్ట తన ఒక్క జడ్‌ని కొడుకులకే ఇస్తుంది. అందుకని చారల తల్లికి, చారలు లేని తండ్రికి పుట్టిన మగపిల్లలకి నల్లటి నూగులో తల మీద తెల్ల మచ్చ ఉంటుంది, ఆడపిల్లలకి ఉండదు. పుంజుల్ని వేరుగా పెంచి ముందు కోసుకోవాలనుకునేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. కానీ సూది ఈకల బెడద ఇక్కడ ఇంకా ఎక్కువ, నల్లటివి.

ఆ బెడద అసలే వద్దంటే డెలావేర్ చూడండి. 1940లో జార్జ్ ఎల్లిస్ అనే ఆయన బార్డ్ రాక్ పుంజుకీ న్యూ హ్యాంప్‌షైర్ పెట్టలకీ పుట్టిన పిల్లల్లో లేత రంగువి ఏరి చేసిన జాతి అది. ఒళ్ళంతా దాదాపు తెలుపు, శుభ్రం చేశాక చర్మం మీద మరకలు ఉండవు. కార్నిష్, వైట్ రాక్‌ల సంకరం వచ్చేదాకా అమెరికాలో మాంసం కోళ్ళ పెంపకంలో దానిదే పెద్ద చెయ్యి. డెలావేర్ పుంజు, న్యూ హ్యాంప్‌షైర్ పెట్టల జోడీని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ధైర్యంగా చెప్తాను. గుడ్లు బాగా పిల్ల కడతాయి, పుంజుతో ఏ ఇబ్బందీ లేదు. ఛాతీ మాత్రం కార్నిష్ సంకరం ముందు నిలబడదు.

జెర్సీ జెయింట్ పేరు చూసి మోసపోకండి. ఎదిగిన పుంజు 5.9 కిలోలు తూగేది నిజమే, కానీ నెలల తరబడి ఎముకే పెంచుకుంటుంది, కండ పట్టేసరికి దాణా గోతాలు ఖాళీ అవుతాయి. డార్కింగ్ పాత జాతుల్లో పాతది, కాలికి ఐదు వేళ్ళు, చర్మం తెలుపు, మాంసం సన్నటి పోగు. మంచి డార్కింగ్ మంద దొరికితే అదృష్టమే. బక్‌ఐ గురించి ఒక్క మాట. అమెరికా జాతుల్లో ఒక మహిళ తయారుచేసినదిగా పేరున్నది అదొక్కటే, ఒహాయోకి చెందిన నెట్టీ మెట్‌కాఫ్. 1904లో గుర్తింపు వచ్చింది. ఆ జాతి దాదాపు కనుమరుగయ్యే దశలో లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ వాళ్ళు పాతకాలపు పద్ధతిలో తూకం వేసి, తడిమి చూసి, మాంసం గుణం ఉన్నవాటినే ఎంచుకుంటూ దాన్ని మళ్ళీ నిలబెట్టారు. నేను పక్షుల్ని ఎంచుకునే తీరంతా అదే పద్ధతి. సంకరం చెయ్యకుండా ఒకే జాతి పెంచుదామనుకుంటే నా సలహా బక్‌ఐ.

ఇప్పుడు అందరూ జారిపడే చోటు. మొదటి తరం ఇంత బాగుంది కదా, వీటిలోనే మంచి పుంజునీ పెట్టనీ ఉంచేసుకుని పిల్లలు తీద్దామని అనిపిస్తుంది. వద్దు. అన్నాచెల్లెళ్ళని కలపడం సంగతి అలా ఉంచండి, రెండో తరంలో సంకర తేజం సగానికి సగం పోతుంది. గుణాలు కూడా చెదిరిపోతాయి. ఒకే గంపలోంచి తాతని పోలింది ఒకటి, అమ్మమ్మని పోలింది ఒకటి, రెండింటికీ చెందనివి నాలుగు వస్తాయి. ఒకేసారి కోతకి రావు, ఒకేలా వండలేం. మాంసానికి పుట్టిన పిల్లలన్నీ మాంసానికే పోవాలి, మంద అచ్చమైన తల్లిదండ్రుల నుంచే నడవాలి.

దాని అర్థం రెండు జాతుల్నీ స్వచ్ఛంగా ఉంచుకోవాలని. ఈ జోడీలో నిజంగా కష్టమైన భాగం ఇదే, పిల్లల పెంపకం కాదు. ఏడాదిలో కొన్ని వారాలు న్యూ హ్యాంప్‌షైర్ పెట్టల దగ్గర వాటి జాతి పుంజునే ఉంచి, వారసుల్ని పొదిగించాలి. కార్నిష్ పెట్టలు నాలుగైనా ఉండాలి, అవి పెట్టే ఆ కాసిని గుడ్లూ ఒక్కటి కూడా వంటింటికి పోకూడదు. దగ్గర రక్తం కలవకుండా మందని మూడు కుటుంబాలుగా విడదీసుకోవడం మంచి పద్ధతి. ఆడపిల్లలు తల్లి కుటుంబంలోనే ఉంటాయి, మగపిల్లలు పక్క కుటుంబానికి వెళ్తాయి, ప్రతి ఏడాదీ అదే దిశలో. కాళ్ళకి రంగు రింగులు, ఒక నోటుబుక్కు చాలు. 8 వారాలకి ఒకసారి, 16 వారాలకి ఒకసారి తూకం రాసుకోండి. మంద మెరుగుపడుతోందా లేదా అన్నది ఆ పుస్తకమే చెప్తుంది, కంటి అంచనా చెప్పదు. ఇంత చోటు, ఇంత ఓపిక లేనివాళ్ళు పక్కింటివాళ్ళతో పంచుకోవచ్చు, ఒకరు కార్నిష్ ఉంచితే ఒకరు న్యూ హ్యాంప్‌షైర్ ఉంచుతారు, పొదిగే వేళకి పుంజుని ఇచ్చిపుచ్చుకుంటారు. సంకరం కోసం ఎగబడి అచ్చమైన మందల్ని ఎవరూ ఉంచకపోతే రేపు సంకరం చెయ్యడానికీ ఏమీ మిగలదు. నేను ఈ పని మొదలుపెట్టింది మాంసం కోసమే అయినా, ఇప్పుడు మా కార్నిష్ పెట్ట ఒక్క గుడ్డు పెట్టినా పరుగెత్తుకెళ్ళి చూస్తాను.

మూడు నాలుగు నెలలు ఆగగలిగి, రెండు పుంజుల్ని వేరువేరుగా ఉంచే చోటుండి, తను తినేదాన్ని తానే పుట్టించుకోవాలన్న పట్టుదల ఉన్నవాళ్ళకి ఈ జోడీ చెప్తాను. ఒక్కసారి కొని, ఒక్కసారి పెంచి, ఫ్రీజర్ నింపుకుంటే చాలనుకునేవాళ్ళకి డెలావేర్ పిల్లలు తెచ్చుకోవడం సులువు. మొరటు ఎండలున్న చోట నీడ, చల్లటి నీళ్ళు తప్పనిసరి. ఆ వెడల్పాటి ఒంటికి వేడి తట్టుకోవడం కష్టం.

ఈసారి పొదుగులో నేను చూడాలనుకుంటున్న మార్పు ఒకటుంది. డెలావేర్ పుంజుని న్యూ హ్యాంప్‌షైర్ పెట్టల మీద వదిలి, వచ్చిన సంకర పెట్టల్ని తల్లులుగా పెట్టి, వాటి మీద కార్నిష్ పుంజు. తల్లి కూడా సంకరమే కాబట్టి గుడ్ల సంఖ్యలో, పిల్లల పుష్టిలో ఆ లాభం అదనంగా రావాలి. డెలావేర్ వెండి రంగు కూడా చారల్లాగే జడ్ క్రోమోజోమ్ మీదే ఉంటుంది కాబట్టి లెక్క ప్రకారం ఆ లేత రంగు పుంజుపిల్లలకే దిగాలి. మేం ముందు కోసేది పుంజుల్నే. సూది ఈకల బెడద వాటిలో తగ్గి, ఛాతీ ఇప్పుడున్నంతా ఉంటే ఆ మిగిలిన మార్కు కూడా వేసేస్తాను.